వంగిన కొండలో అన్న గొంతు

నాపగిరి రాజ్యం నడుమ ఒక కొండ ఉండేది. పలకలు దొంతరగా పేర్చినట్టున్న దాని రాతిపొరలు ఒక ఏడాది వంగడం మొదలుపెట్టాయి. ఇళ్ల గోడలు ఒరిగాయి, బావులు పూడిపోయాయి. కొండలోంచి పగలంతా మూలుగు వినిపిస్తుంటే జనం ఊళ్లు విడిచిపోసాగారు. కారణం ఎవరికీ అంతుపట్టలేదు.

రాళ్లు కొట్టే తిప్పడు అది కనుక్కోవాలని ఆ కొండలోని ఒక గుహలోకి వెళ్లాడు. అతని వెనకే పొరలు మూసుకున్నాయి. చెల్లెలు ఓబులమ్మ రోజూ బండకు చెవి ఆనించి వినేది. ఒకనాడు లోపలినుంచి సన్నగా "చెల్లీ" అని వినిపించింది. రాజు వద్దని వారించినా ఆమె దివిటీ పట్టుకుని ఒక నెర్రెలో దూరింది.

లోపల గోడలు మడిచిన దుప్పట్లలా ఉన్నాయి. ఒక మడతలో నడుం దాకా రాయిలో కలిసిపోయిన ముసలిదాని నీడ కనిపించింది. ఓబులమ్మ దివిటీ ఎత్తి పట్టుకుంది. అన్న ఎక్కడని అడిగింది.

"ఒక్కసారిగా కొడితే రాయి పగులుతాది. ఏండ్ల తరబడి ఒత్తితే వంగుతాది తల్లీ," అంది నీడ. "తూర్పున ఒక రాక్షసుడు ఒత్తుతాండాడు. ముందు వాణ్ణి ఆపు. ఆనక పొరలు విల్లులా పైకి వంగినకాడ ఎతుకు. ఆడ పొరకూ పొరకూ నడుమ సందుంటాది. నేను పొరలు కిందికి వంగినకాడికి పోయి నలిగిపోయినా."

అంతలోనే ఆ నీడ రాతిలోకి ఇంకిపోయింది.

ఓబులమ్మ నెర్రెలోంచి బయటికొచ్చి తూర్పు వాలుకు వెళ్లింది. అక్కడ రాక్షసుడు కొండకు భుజం ఆనించి నిలబడి ఉన్నాడు. అతని కనురెప్పల మీద నాచు పట్టింది. కొండలో తన తమ్ముడు మూలుగుతున్నాడనీ, కొండను తోసేసి వాణ్ణి విడిపిస్తాననీ చెప్పాడు. ఓబులమ్మ బండకు చెవి ఆనించింది. అతను మూలుగుతూ తోసినప్పుడల్లా బండలో మరో మూలుగు పెరుగుతోంది. అది కొండ లోపలినుంచి కాదు, అవతలినుంచి వస్తోంది.

"నీ తమ్ముడు లోపల లేడు," అంది ఆమె. "నీ మూలుగు విని, నువ్వే లోపల ఉండావనుకొని ఆ పక్కనుంచి వాడూ తోస్తాండాడు. ఎక్కి చూడు."

 రాక్షసుడు మెల్లగా భుజం తీసి శిఖరం ఎక్కాడు. పడమటి వాలులో మరో వీపు కనిపించింది. బొంగురుపోయిన గొంతుతో తమ్ముణ్ణి పిలిచాడు. అన్నదమ్ములిద్దరూ శిఖరం మీద కూర్చుని ఏడ్చారు. కొండలో మూలుగు ఆగిపోయింది.

ఓబులమ్మ విల్లులా వంగిన పొర చూపించగా వాళ్లు బండలు ఎత్తారు. సందులో తిప్పడు ముడుచుకుని ఉన్నాడు. అతని జుట్టు నెరిసిపోయింది.

"లోపల ఇంకా ఎవురన్నా ఏడుస్తాండారా?" అని అడిగాడు.

ఎవరూ లేరని చెప్పి ఆమె అతని చేయి పట్టుకుంది.

కొండ వంగినట్టే ఉండిపోయింది గానీ మళ్లీ కదల్లేదు. జనం తిరిగొచ్చి గోడలు కట్టుకున్నారు. రాజు ఆ సీమకు ఓబులమ్మను ఏలికగా చేశాడు. తిప్పడు మాత్రం చాన్నాళ్లు పైకప్పు కింద పడుకోలేకపోయాడు. చెల్లెలు కూడా అతని పక్కనే ఆరుబయట చాప పరుచుకునేది. తొలకరి జల్లు పడిన రోజున అతనే ముందు లేచి, చాప చుట్టి చంకన పెట్టుకున్నాడు.

"తడుస్తావు. లోపలికి పోదాం రామ్మా," అన్నాడు.