తిరగబడ్డ బాణం గుర్తు

"లారీ ఆపండి! ఎవరెక్కించేరు దాన్ని బ్రిడ్జి మీదకి?"

శారదా నది మీద కొత్తగా కడుతున్న పొడవాటి వంతెన కింద, స్తంభానికీ పై పలకకీ మధ్య ఇరుకులో కూర్చుని అరిచింది హాసిని. ఒళ్లో లాప్‌టాప్. స్క్రీన్ మీద అప్పటిదాకా నిమ్మళంగా సాగిన గీత కాస్తా కోతిలా గంతులేస్తోంది.

పైనుంచి హెల్మెట్ పెట్టుకున్న తల ఒకటి వంగి చూసింది.

"నేనే ఎక్కించేను. తారక్, సైట్ ఇంజినీర్‌ని. మీరెవరు?"

"బ్రిడ్జి ఊపు తగ్గించే డాంపర్ల ఇంజినీర్‌ని. నా రీడింగులన్నీ పాడుచేసేరు."

"నా కాంక్రీటు గట్టిపడిపోతాది మేడమ్. మీ రీడింగుల కోసం అదాగదు."

"భూకంపం కూడా మీ కాంక్రీటు కోసం ఆగదు!"

అతను నవ్వేడు. ఆమెకి ఒళ్లు మండింది. లారీ మాత్రం ఆగింది.

అలా మొదలైంది. ఆ తరవాత రోజూ సాయంత్రం టీ పట్టుకుని తారక్ కిందకి దిగేవాడు. కుదురుండదు మనిషికి. కూర్చుంటే కాలు ఊపుతాడు, నిలబడితే జేబులో టేపు లాగుతాడు, వదుల్తాడు.

"ఇంతకీ ఏటండీ ఇది? బండికుండే షాకబ్జార్బరే కదా?" అన్నాడో రోజు, డాంపర్ ఉక్కు సిలిండర్ని తట్టి.

"దానికి బుర్ర లేదు, దీనికుంది. భూమి కదిలితే ఈ సెన్సర్ కనిపెడుతుంది. వెంటనే కరెంటు వెళ్లి లోపలున్న ద్రవం చిక్కబడుతుంది. ఎంత ఊపుకి అంత బిగువు. చిన్న ఊపుకి మెత్తగా ఉంటుంది, పెద్ద ఊపుకి బిగుసుకుంటుంది."

"అచ్చం మీలాగే."

"నేనెప్పుడు మెత్తగా ఉన్నాను?"

"దానికోసమే ఎదురుచూత్తన్నాను."

ఆమె నవ్వు దాచుకునేలోగా వాన దబదబా దిగింది. ఇద్దరూ పలక కిందే ఉండిపోయేరు. అతను టార్చి పట్టుకుంటే ఆమె చివరి సెన్సర్ బిగించింది. వెలుగు సెన్సర్ మీద కన్నా తన ముఖం మీదే ఎక్కువసేపు నిలిచిందని ఆమెకి తెలుసు.

టెస్టు రోజు ప్రాజెక్టు పెద్దసారు దేవీప్రసాద్ వచ్చేరు. వంతెన మీద పెద్ద మెషీన్ పెట్టి, భూకంపం వచ్చినట్టే ఊపించేరు. ఒక చివర ఊపు తగ్గలేదు సరికదా, ఇంకాస్త ఎక్కువైంది. మెషీన్ ఆపేసేరు.

అందరి కళ్లూ హాసిని మీదే.

"వీళ్ల మనుషులు నిన్న రంగులేస్తూ వైరు లాగేసుంటారు సార్!" అంది తారక్‌ని చూపిస్తూ. "తొందర తప్ప ఈయనకింకేమీ తెలీదు."

తారక్ ముఖంలో నవ్వు ఆరిపోయింది. "చూసి చెప్పండి మేడమ్," అని వెళ్లిపోయేడు. మర్నాడు సైట్‌కి రాలేదు. సెలవు పెట్టేడట.

హాసినికి కాలు నిలవలేదు. ఈ చివరనుంచి ఆ చివరకి తిరిగి ప్రతి వైరూ పట్టి చూసింది. ఒక్కటీ తెగలేదు. సాయంత్రం టీ ఎవరూ తేలేదు. అటువైపు చూడకూడదనుకుంటూనే మెట్లవైపు చూసింది.

చివరికి ఆ చివరి సెన్సర్ మీద టార్చి వేసింది. దాని మీదున్న బాణం గుర్తు ఏటికి ఇవతలున్న అనకాపల్లి వైపు చూడాలి. అవతలున్న తారక్ ఊరు కశింకోట వైపు చూస్తోంది.

తిప్పి బిగించింది తనే. ఆ వానలో, ఆ వెలుగులో. పాపం డాంపర్, బిగుసుకోవాల్సినప్పుడు వదిలేసి, వదలాల్సినప్పుడు బిగుసుకుంది.

"వైరు కాదు సార్. తప్పు నాది," అంది మర్నాడు, అందరూ వింటుండగా. సెన్సర్ సరిచేసేక మెషీన్ మళ్లీ ఊపింది. స్క్రీన్ మీద గీత ఎగిరి, ఎగిరి, సర్దుకుంది. అందరూ చప్పట్లు కొడుతుంటే హాసిని షేర్ ఆటో ఎక్కి కశింకోటలో దిగింది.

తారక్ వాళ్లమ్మ కాసులమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది.

"ఎవలమ్మా?"

"తారక్ గారితో పని చేస్తానండి. బ్రిడ్జి ఊగకుండా చూసే పని."

"అలగైతే ముందు మావోడి సంగతి సూడు. వచ్చినకాణ్ణించి వీధిలోకీ ఇంట్లోకీ తిరగడమే. నాకు కళ్లు తిరుగుతన్నాయి. ఏ ఊరు మీది?"

"పూడిమడకండి. మా అమ్మ ఎరుకమ్మ, చేపలమ్ముతాది." చేపలమ్మేవాళ్ల పిల్లనని తెలిసింది కదా, అంతే, ఇక్కడితో అయిపోయిందనుకుంది హాసిని.

కాసులమ్మ చేట కింద పెట్టింది. "ఎరుకమ్మ కూతురివా! ఈ వీధికే వత్తాదే ఆవిడ! బేరానికి దిగదు గానీ, పాడైన సేప ఒక్కనాడూ అంటగట్టలేదు."

మాటలు విని తారక్ గుమ్మంలోకొచ్చి ఆగిపోయేడు. "మావాళ్లు లాగేసిన వైరు దొరికిందా?"

"వైర్లన్నీ బాగున్నాయి. సెన్సర్ నేనే తిప్పి బిగించేను. నిన్ను అందరి ముందూ అన్నాను కదా, అందరి ముందే నా తప్పని చెప్పి వచ్చేను."

"టెస్టు?"

"పాసయింది."

"మరింకేటి? ఈ మాట ఫోన్లో చెప్పొచ్చు కదా."

"చెప్పొచ్చు." ఆమె చున్నీ అంచు వేలికి చుట్టింది, విప్పింది. "టీ వేళకి నువ్వు రాకపోతే నాకేమీ తోచట్లేదు. అది ఫోన్లో చెప్పేది కాదు."

'మీరు' కాస్తా 'నువ్వు' ఎప్పుడయిందో ఆమెకే తెలీలేదు. అతనికి తెలిసింది.

"రేపొచ్చేస్తాను," అన్నాడు మెల్లగా.

"రేపొక్కరోజు కాదు. ఈ బ్రిడ్జి అయిపోయేక కూడా."

వీధి వీధంతా వింటున్నట్టు తారక్ చెవులు ఎర్రబడ్డాయి.

కాసులమ్మ చేట మళ్లీ అందుకుంది. "ఒరే తారకూ, కోడల్ని ఎంతసేపు నిలబెడతావురా? ఆ కుర్చీ ఇలగెయ్యి."