గుప్పెడు ఎవరి సంఘం?

ఆ గురువారం ఉదయం ఆ ఇంట్లో అన్ని ఉదయాల్లాగే మొదలైంది. లిఫ్టులు బాగుచేసే భర్త గుమ్మం దగ్గర కూర్చుని బూట్లకంటిన గ్రీజు తుడుచుకుంటున్నాడు. అత్తగారు మనవరాలిని ఒళ్లో పెట్టుకుని చెంచాతో పాలు పడుతున్నారు. కోడలు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. డ్యూటీకి వేళ మించిపోతోందని ఒక చేత్తో జడ పట్టుకుని ఇంకో చేత్తో తెల్లకోటు వెతుక్కుంటోంది.

పాపకి ఆదివారంతో ఏడాది నిండుతుంది. ఏడో నెలలోనే పుట్టింది. గుప్పెడంత ఉందని ఎవరో అన్న మాటే ముద్దుపేరై కూర్చుంది. ఇప్పుడు బుగ్గలు పట్టి ఒళ్లో ఇమడకపోయినా అందరికీ అది గుప్పెడే.

“ఆదివారం తొమ్మిదింటికల్లా చర్చిలో ఉండాలి,” అన్నారు అత్తగారు. ఆవిడ ముప్ఫయ్యేళ్లు టెలిఫోన్ ఆపరేటరుగా చేశారు. మెల్లగా మాట్లాడినా పక్కింటికి వినిపిస్తుంది. “అయ్యగారు దీని తలమీద నీళ్లు చిలకరించి, పేరు సంఘం పుస్తకంలో ఎక్కిస్తారు.”

కోడలి చేతిలోంచి జడ జారిపోయింది. “ఎవరినడిగి అయ్యగారికి చెప్పారత్తయ్యా?”

“అడిగేదేముంది అమ్మాయ్? మన ఇంట్లో మూడు తరాల పేర్లు అందులోనే ఉన్నాయి.”

మాట పూర్తవుతూనే కాలింగ్ బెల్ మోగింది. వచ్చింది కోడలి తల్లి. టీచరుగా రిటైరయినా పిల్లలకి క్లాసు పీకే అలవాటు ఇంకా పోలేదు. కూర్చోకుండానే సంచీలోంచి ఒక కాగితం తీసి కూతురి ముందు పెట్టింది.

“ఇక్కడ సంతకం పెట్టు. ఆదివారం పదింటికి మా మందిరంలో పాపని దేవుడికి అప్పగించే ప్రతిష్ఠ ప్రార్థన. పాస్టరు గారితో మాట్లాడేశాను.”

అత్తగారు చెంచా గిన్నెలో పడేశారు. “పదింటికా? తొమ్మిదింటికి దాని బాప్తిస్మం మా చర్చిలో వదినగారూ.”

“చంటిపిల్లకి నీళ్లు చల్లితే బాప్తిస్మం అవుతుందా? ఎదిగాక తనంతట తాను నీళ్లలో మునగాలి. చిలకరిస్తే చాలనుకుంటే వానలో తడిసినవాళ్లంతా విశ్వాసులే.”

“ముంచడమే గొప్పయితే చేపలని మించిన భక్తులు లేరు.”

భర్త రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టులో మనిషిలా అటూ ఇటూ చూశాడు. “పోనీ తొమ్మిదింటికి అక్కడికీ, పదింటికి ఇక్కడికీ...” అన్నాడు. ముగ్గురు ఆడవాళ్లూ ఒక్కసారి చూసేసరికి మళ్లీ బూట్లలో తలదూర్చాడు.

కోడలు కాగితం మడిచి తల్లి సంచీలో పెట్టేసింది.

“ఎక్కడికీ వెళ్లం. నా కూతురి పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కదు.”

“అయితే దేవుణ్ణి వదిలేశావన్నమాట,” అంది తల్లి. “ఏడాదిగా ఏ మందిరం గడపా తొక్కలేదని నలుగురూ అడుగుతుంటే తలెక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు నాకు. చిన్నప్పట్నించీ మొండిదానివే.”

“దేవుణ్ణి వదల్లేదమ్మా. మీ తగువుని వదిలాను.”

“ప్రార్థనే చేయవు, ఇంకా...”

“చేస్తాను. ల్యాబులో ట్యూబులు తిప్పే యంత్రం అయిదు నిమిషాలు ఆడుతుంది. ఆ అయిదు నిమిషాలూ పేరు పేరునా ఆ ట్యూబులవాళ్ల కోసం అడుగుతాను. బస్సులో చేస్తాను. అంట్లు తోముతూ చేస్తాను. మీకు కనిపించేలా చేయడం మానేశాను, అంతే.”

అత్తగారు పాపని దగ్గరికి పొదువుకున్నారు. “సంఘం లేని విశ్వాసం ఏం విశ్వాసమే? మంద విడిచిన గొర్రెని తోడేలు ఎత్తుకుపోతుంది.”

ఆ మాటకి కోడలి మొహంలో రంగు మారింది. వెతుకుతున్న కోటు కుర్చీ వీపు మీదే కనిపించినా అందుకోలేదు.

“తోడేలు వచ్చింది కదా అత్తయ్యా. పాప పుట్టిన మూడో రోజున వచ్చి, ఆసుపత్రిలో దీన్ని పెట్టిన గాజుపెట్టె పక్కనే కూర్చుంది. మీ అయ్యగారూ, అమ్మావాళ్ల పాస్టరు గారూ ఒకే టైముకి వచ్చారు. లోపలికి ఒక్కరినే, పది నిమిషాలే పంపిస్తామంది నర్సు. ముందు నేనంటే నేనని వరండాలో వాదులాడుకున్నారు. మీరిద్దరూ చెరోపక్క నిలబడి వంతపాడారు. పది నిమిషాలూ అయిపోయాయి. నర్సు తలుపేసేసింది. గొర్రెపిల్ల లోపల ఊపిరందక కొట్టుకుంటుంటే మంద ఏం చేస్తోంది? వరండాలో కొమ్ములు విసురుకుంటోంది.”

ఆ సంగతి ఏడాదిగా ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు, అంతే.

“తర్వాత నేను వెళ్లాను. పెట్టె కన్నంలోంచి వేలు పెడితే పట్టుకుంది. ‘ప్రభువా, ఇక్కడ నువ్వూ, నేనూ, ఇదీ. ఇంకెవరూ లేరు’ అన్నాను. పెట్టెలో ఉన్న నలభై ఒక్క రోజులూ అదే ప్రార్థన. యేసు గురించి మీ ఇద్దరి నోటే విన్నాను, కాదనను. కానీ ఆయన నన్ను పట్టుకున్నప్పుడు మీరెవరూ పక్కన లేరు.” “ఇది పెద్దదై చర్చికి వెళ్తానంటే తలదువ్వి పంపిస్తాను. మునుగుతానంటే గట్టున తువ్వాలు పట్టుకుని నిలబడతాను. దానికి మాటలు రాకముందే దాని తరఫున మీరు మాటివ్వడానికి మాత్రం ఒప్పుకోను. అలిగితే అలగండి.”

తల్లి మొహం తిప్పుకుంది. అత్తగారు మాత్రం కోడలినే చూస్తున్నారు. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినని చిన్న గొంతుతో అన్నారు.

“నేనున్నాను.”

“ఎక్కడ?”

“లోపల. ఇరవయ్యో రోజు. ఇక తన చేతుల్లో లేదన్నాడు డాక్టరు. నువ్వు కళ్లుతిరిగి పడిపోతే ఇంకో గదిలో పడుకోబెట్టారు. నర్సు నన్ను పంపించింది. పెదాలు తడపడానికి కాచి చల్లార్చిన నీళ్లు చిన్న గిన్నెలో ఉన్నాయి.” ఆవిడ చిటికెనవేలు చూపించారు. “ఈ వేలు ముంచి, దీని నుదుటిమీద ఒక్క చుక్క పెట్టాను.”

కోడలికి ముందు కోపమే వచ్చింది. తనకి తెలియకుండా తన బిడ్డకి. నోటిదాకా వచ్చిన మాట, ఆ ముడతల వేలు మళ్లీ పాప నుదుటిమీదే ఆనడం చూసి ఆగిపోయింది.

“మా చర్చిలో ఆడవాళ్లు బాప్తిస్మం ఇవ్వకూడదు,” అన్నారు అత్తగారు. “చెప్పాల్సిన మాటలు కూడా నోటికి రాలేదు. ‘ఇది నీది. తీసుకుంటే నీ దగ్గర పెట్టుకో, ఇస్తే మాకివ్వు’ అన్నాను. అంతే అన్నాను. ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు. చెల్లదంటారేమో, తప్పు చేశావంటారేమో. అయ్యగారి చేత పద్ధతిగా చేయిస్తే నా తప్పు కడుక్కుపోతుందని... అందుకే ఈ తొందరంతా.”

కళ్లనీళ్లు పాప జుట్టులో పడుతున్నా తుడుచుకోలేదు. కోడలు వెళ్లి ఆవిడ కాళ్లదగ్గర కూర్చుంది.

“ఆ రోజు మీ పక్కన ఏ సంఘం ఉందత్తయ్యా?”

“ఎవరూ లేరు.”

“ఆయన?”

అత్తగారు చెప్పకూడని మాట చెబుతున్నట్టు తలుపు వైపు చూసి, “ఉన్నాడే,” అన్నారు. “జన్మలో అంత దగ్గరగా ఎప్పుడూ లేడు.”

“మరి అందులో కడుక్కోవాల్సిన తప్పేముంది?”

ఆ గదిలో తానొక్కతే దేవుడితో పోట్లాడానని ఏడాదిగా కోడలు నమ్మింది. ఆ నమ్మకంతోనే ఈ ఇంట్లో అందరికీ తనకీ మధ్య గోడ కట్టుకుంది. అదే గదిలో, అదే దేవుణ్ణి, తనకన్నా ఎక్కువ భయపడుతూ ఇంకో మనిషి అడిగిందని ఇప్పుడు తెలిసింది. అత్తగారి మోకాలి మీద తల ఆన్చి ఏడ్చేసింది.

టీచరమ్మ ఎదురుగా కూర్చుంది. “నాకు చెప్పాల్సింది వదినగారూ.”

“చెబితే నవ్వుతారని. ఒక్క చుక్కే కదా.”

“నవ్వేదాన్నే,” అంది ఆవిడ నిజాయితీగా. “ఇప్పుడు నవ్వు రావడం లేదు,” అని వియ్యపురాలి చెయ్యి పట్టుకుంది.

అప్పుడు ఫోను మోగింది. భర్త చూసి, “అమ్మా, మీ అయ్యగారు,” అన్నాడు. కోడలు లేవబోయింది. అత్తగారు ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టి, తానే అందుకున్నారు. ముక్కు చీదుకున్నాక పాత గొంతు తిరిగొచ్చింది. పక్కింటికి వినబడే గొంతే.

“వందనాలండీ... లేదండీ, ఆదివారం పిల్లని తీసుకురావడం లేదు... నేనొస్తాను, నా చోటు నాదే. రావద్దంటే ఇంట్లో మోకరిస్తాను... కాదండీ, వాయిదా కాదు. దానికి జరగాల్సింది ఏడాది కిందటే జరిగిపోయింది.”

అవతలివైపు చాలాసేపు ఏదో మాట్లాడారు. అత్తగారు ఓపిగ్గా విని, కోడలి తలమీద చెయ్యి వేశారు.

“ఎవరు చేశారా? నేనే చేశానండీ,” అన్నారు.