మొదటి నెల తోడు

ఉద్యోగంలో చేరిన రోజే, సాయంత్రం కాకుండానే, లోహిత ఫ్యాక్టరీ గేటు దాటి బయటికొచ్చేసింది.

చిత్తూరు పొలిమేరలో ఉన్న ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆమె ల్యాబ్ కెమిస్ట్. హెచ్‌ఆర్ పనులు చూసే గుణశేఖర్ సన్నటి వానలో పరుగెత్తుకుంటూ బస్టాపుకి వచ్చాడు.

"ఏమండీ, యాడికి పోతాండారు?"

"కాణిపాకం. మా ఇంటికి."

"అదే, ఎందుకని?"

"పొద్దున గేటు దగ్గరే నిలబెట్టేసినారు. నేనొస్తానని సెక్యూరిటీకి ఎవరూ చెప్పలా. తరువాత మీరొచ్చి చైర్మన్ గారి జీవితమంతా స్లైడ్లేసి చూపించినారు. ల్యాబ్ యాడుండాదో మాత్రం చూపించలా. క్యాంటీన్లో ఒక్కదాన్నే కూచుని తిన్నాను. పేరడిగినవాళ్ళే లేరు!"

గుణశేఖర్ మొహం మీది వాన తుడుచుకున్నాడు. ఈ సీజన్లో చేరినవాళ్ళు చేరినట్టే మానేస్తుంటే, కుర్రకారుకి ఓపిక లేదనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"తప్పు మాదే. రేపు రండి. ఎట్లుండాలో మీరే చెప్పండి, అట్లే మారుస్తాను."

బస్సొచ్చింది. ఆమె ఎక్కేసింది. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి, "ముందు ఆ స్లైడ్లు తీసేయండి!" అని అరిచింది.

అంటే వస్తుందన్నమాట! గుణశేఖర్ తడుస్తూనే నవ్వుకున్నాడు.

ఇద్దరూ కలిసి పద్ధతి మార్చారు. కొత్తవాళ్ళ పేర్లు ముందురోజే గేటుకి చేరాలి. రాగానే పేరు పెట్టి పలకరించాలి. మొదటి నెలంతా పాతవాళ్ళలో ఒకరు తోడుండాలి, మధ్యాహ్నం పక్కన కూర్చుని తినాలి. లోహితకి తోడుగా గుణశేఖర్ తన పేరే పెట్టుకున్నాడు.

"హెచ్‌ఆర్‌కి అంత తీరిక ఉండాదా?"

"మీరు మళ్ళీ బస్సెక్కేస్తారేమోనని భయం."

ఆమె క్యారియర్లోని శనక్కాయల ఊరుబిండి పచ్చడి సగం రోజూ అతని ప్లేట్లోకే పోయేది. మేనేజర్ నడకని అతను అనుకరిస్తే ఆమెకి పొలమారేది.

నెల నిండింది. మర్నాడు మధ్యాహ్నం అతను ఆమె పక్కకి రాలేదు. ఆ మూల టేబుల్ దగ్గర, కొత్తగా చేరిన భానుప్రియ పక్కన కూర్చుని ఏదో చెబుతున్నాడు. ఆ పిల్ల పగలబడి నవ్వుతోంది. తరువాతి రోజూ అంతే.

లోహిత సగంలోనే క్యారియర్ మూత పెట్టేసింది. ఆ నవ్వులు, ఆ కబుర్లు, అంతా డ్యూటీయేనా?

సాయంత్రం చినుకులు పడుతుంటే, రేకుల వరండాలో ఎదురుపడితే ఉండబట్టలేక అడిగేసింది. "నా నెల అయిపాయ. ఇప్పుడు భానుప్రియ నెలా?"

"ఆమెకి తోడు పంకజాక్షి. లీవులో ఉండాదని నేను కూచున్నా."

"మరి నా దగ్గరికెందుకు రాలా?"

అతను తలొంచుకున్నాడు. "ఆ నెలంతా నేను పక్కన కూచుంటే మీరు వద్దనేదానికి లేదు. రూలది. నేనంటే నచ్చి నవ్వినారో, హెచ్‌ఆర్ అని నవ్వినారో తెలీలా. ఇప్పుడైతే వద్దనొచ్చు మీరు. అందుకే ఇప్పుడు అడగాలని ధైర్యం కూడగట్టుకుంటాండాను."

"ఏమడగాలని?"

"మీరంటే నాకిష్టం. మీ నాయనతో వచ్చి మాట్లాడనా?"

వాన ఒక్కసారిగా పెద్దదైంది. రేకుల మీద ఒకటే మోత. లోహిత పెదాలు కదిలాయి గానీ అతనికి వినపడలేదు.

"ఏమన్నారు?"

ఆమె దగ్గరికొచ్చింది. చెవులదాకా ఎర్రబడింది.

"ఆదివారం వద్దంటిని. నాయన అంగడి రద్దీగా ఉంటాది. సోమవారం రాండి. గుడి ముందర టెంకాయల అంగడి, మునస్వామి అంటే ఎవరైనా చూపిస్తారు. నాయనకి చెవులు కొంచెం మందం."

"అయితే గట్టిగా చెప్పాల్నా?"

"ఊ," అంది లోహిత నవ్వాపుకుంటూ. "వీధంతా వినపడినా ఫరవాలేదు."