గడపలో అడిగిన మంచినీళ్లు

అరుణశ్రీ రెండు జడలకీ రిబ్బన్లు కట్టించుకుని, పుస్తకాల సంచీ భుజాన వేసుకుని గడప దాటింది. పొయ్యి దగ్గర గంజి వారుస్తున్న తల్లి ఈశ్వరికి గూట్లో ఉండిపోయిన నీళ్ల సీసా కనిపించింది.

"అమ్మలూ! నీళ్లు మరిసిపోనావే!"

మాట నోరు జారాక గాని తాను చేసిన పని తెలియలేదు. వాకిట్లో నెత్తళ్ల చేపలు ఆరబోస్తున్న అత్త తాతమ్మ చేట కిందపడేసి లేచింది.

"ఎన్నిసార్లు సెప్పాలే నీకు? గడప దాటినోలిని ఎనక నుంచి పిలవకని! ఒక పాలి పిలిసినందుకు జరిగింది సాల్లేదేటి?"

కళింగపట్నంలో వాళ్ల పేటలో అందరికీ తెలిసిన సంగతే అది. చేపల వేటకి బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవరు, ఎక్కడికని అడగరు. పొరపాటున పిలిస్తే అతను వెనక్కొచ్చి, గడపలో కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్లు తాగి మళ్లీ వెళ్లాలి. అలా చేస్తే దోషం పోతుందంటారు.

పిల్లకీ ఆ పద్ధతి వచ్చు. బుద్ధిగా తిరిగొచ్చి గడపలో కూర్చుంది. నాయనమ్మ ఇచ్చిన గ్లాసు ఖాళీ చేసి, తల్లి వైపు చూసింది.

"నాన్నని పిలిసినట్టు నన్ను కూడా పిలిసేస్తావేటమ్మా?"

అందులో కోపం లేదు. లెక్కల్లో అనుమానం అడిగినట్టు అడిగి, బడికి వెళ్లిపోయింది. ఈశ్వరి చేతిలో గిన్నె పక్కకి ఒరిగి, వేడి గంజి పాదం మీద ఒలికింది. ఆమెకి ఆ సంగతే తెలియలేదు.

మూడేళ్ల కిందట ఇలాంటి పొద్దుటే, తుఫాను కబురు ఫోన్లో చూసి, వీధి మలుపు దాకా వెళ్లిన మొగుణ్ణి ఆమె కేకేసింది. "ఓ బావా! ఎల్లొద్దు, పెద్ద గాలేస్తాదంట!" బాబీ వెనక్కి తిరిగి, విసుగ్గా చెయ్యి విదిలించి మలుపు తిరిగిపోయాడు. శ్రీకాకుళం బస్సు తప్పిపోతుందని ఆమె చేపల గంప నెత్తినెట్టుకుని రెండో వైపు నడిచింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఊరు ఊరంతా ఒడ్డునే ఉంది. బాబీ, అతనితో వెళ్లిన అసిరయ్య, ఇద్దరూ రాలేదు. తర్వాత బోటు చెక్కలు కొట్టుకొచ్చాయి గాని మనుషులు రాలేదు.

ఈశ్వరి తెలివితప్పి పడిపోతే, స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇచ్చింది తాతమ్మే. వచ్చి పదిమందిలో గుండెలు బాదుకుంది. "ఎనక నుంచి పిలిసి నా కొడుకుని మింగీసినాదర్రా!" కుండ మూయడానికి మూకుడుంది గాని లోకం నోరు మూయడానికి మూకుడు లేదు. ఆ మాట పేటంతా తిరిగి తిరిగి, చివరికి ఈశ్వరి గుండెల్లోనే మకాం వేసింది. పిలవకపోతే వచ్చేవాడేమో అని ఆమే అనుకోని రోజు లేదు. లోకం ఏమన్నా పడింది, అత్త తిట్టినా పడింది. కన్న కూతురు కూడా నమ్మితే ఇక ఎవరి ముఖం చూసి బతకాలి?

ఆ మధ్యాహ్నమే ఆమె గ్రామ సచివాలయంలో పనిచేసే హరిబాబు దగ్గరికి వెళ్లింది.

"ఆ రోజు ఏటి జరిగిందో స్టేషన్లో రాసుంటారు కదా తమ్ముడూ? గాలే తీసుకెల్లిపోనాదని గవర్నమెంటు కాగితంలో ఉంటే మా గుంట అరుణశ్రీ నమ్ముతాది. అది మనకి ఇస్తారా?"

"ఎందుకియ్యరు వదినా? కేసు కాగితం, మీ అత్త ఇచ్చిన వాంగ్మూలం, అన్నీ అడగొచ్చు. సమాచార హక్కు కింద అర్జీ రాసిస్తాను, సంతకం ఎట్టు. శ్రీకాకుళం ఆఫీసుకెల్లి వస్తాది, కాస్త టైం పడతాది."

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఈశ్వరి మాట కదిపింది. తాతమ్మ కలుపుతున్న ముద్ద కంచంలోనే ఆగిపోయింది.

"స్టేషన్ కాగితాలు మనకెందుకే?"

"సూద్దామని, అత్తా."

"పోనోడు పోనాడు. ఆ కాగితాలు ఈ ఇంటి గడప తొక్కనియ్యకు. తెచ్చినావో, నాను ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టను!"

అంది, కంచంలో చెయ్యి కడిగేసుకుంది. కొడుకు పేరు ఎత్తితే ఏడ్చే మనిషి, కాగితం పేరు ఎత్తితే ఇంత బెదిరిపోవడమేమిటో ఈశ్వరికి అర్థం కాలేదు. కడుపుకోత అనుకుని ఊరుకుంది. అర్జీ మాత్రం ఇచ్చింది.

స్టేషన్ నుంచి కబురొచ్చేసరికి గాలి మళ్లింది, ఏటా పెట్టే వేట నిషేధం మొదలై బోట్లన్నీ ఇసకలో బోర్లా పడుకున్నాయి. హెడ్డు కానిస్టేబులు సంతకం పెట్టించుకుని, గుండుసూది గుచ్చిన నాలుగు కాగితాలు చేతికిచ్చాడు. ఎనిమిదో తరగతి దాకా చదివిన ఈశ్వరి వరండాలో బల్ల మీద కూర్చుని, వేలుపెట్టి ఒక్కొక్క వరుసా చదువుకుంది. మొదటి కాగితంలో పేర్లు, తేదీలు. మూడో దాంట్లో తాతమ్మ వాంగ్మూలం.

"...నా కొడుకు బాబీ వేటకు బయలుదేరగా, వాని భార్య ఈశ్వరి తుఫాను ఉన్నదని వెనుక నుంచి పిలిచినది. అందువలన వాడు చుట్టు తిరిగి మరల ఇంటికి వచ్చి గడపలో కూర్చున్నాడు. ఈ రోజు వెళ్లనమ్మా అన్నాడు. మంచినీళ్లు అడిగినాడు. అసిరయ్య బోటు దింపి ఎదురు చూస్తున్నందున, నీళ్లు తాగి కూర్చుంటే ఇక లేవడని నేను నీళ్లు ఇవ్వలేదు. పెళ్లాం మాటకు వెనక్కి వచ్చినవాడివి నువ్వేమి మగవాడివిరా అని తిట్టినాను. వాడు ఏమియు మాట్లాడక లేచి వెళ్లినాడు. ఇది చదివి వినిపించగా సరిగా ఉన్నది." కింద వేలిముద్ర.

ఈశ్వరి మళ్లీ మొదటినుంచి చదివింది. బాబీ తిరిగొచ్చాడు. చెయ్యి విదిలించి పోయిన మనిషి, ఆమె బస్సెక్కాక, ఆమె మాట మీద తిరిగొచ్చాడు. మూడేళ్లుగా కళ్లు మూస్తే ఆ విదిలించిన చెయ్యే కనిపించేది. ఆ బల్ల మీదే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కన్నీళ్లు ఆరాక కోపం వచ్చింది. అలాంటి కోపం తనలో ఉందని ఆమెకే తెలియదు.

ఇంటికి వచ్చేసరికి పిల్ల బడినుంచి వచ్చి ఉంది. తాతమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కోడలి చేతిలో కాగితాలు చూసి ఆమె చేతులు ఆగిపోయాయి.

"తెచ్చీసినావా?"

"తెచ్చినాను. అమ్మలూ, ఇలా రా. ఇది సదువు. గట్టిగా సదువు, పక్కింటి జగ్గమ్మకి కూడా వినబడాల."

"ఒద్దే ఈశ్వరీ... గుంట సేత ఒద్దే..."

"ఎందుకొద్దు? గుంట ముందే కదా ఇన్నాల్లూ నన్ను తిట్టినావు! సదువమ్మా."

అరుణశ్రీ బళ్లో పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. "...వెనుక నుంచి పిలిచినది. అందువలన వాడు చుట్టు తిరిగి మరల ఇంటికి వచ్చి గడపలో కూర్చున్నాడు. ఈ రోజు వెళ్లనమ్మా అన్నాడు. మంచినీళ్లు అడిగి..."

ఈశ్వరి చూపు తాతమ్మ మీదే ఉంది. గెలిచిన సంబరం కోసం వెతుక్కుంది. ముసలిది చిక్కుడు తొక్కల్ని గుప్పిట్లో పట్టుకుని, దెబ్బ పడబోయే పిల్లలా భుజాలు ముడుచుకుని ఉంది. ఈ పిల్ల మరో వాక్యం చదివితే, ఇక నాయనమ్మ చేతి నుంచి గ్లాసు అందుకోదు. ఒక మనిషిని పిల్ల కళ్లలో చంపడమంటే ఏమిటో ఈశ్వరి కంటే ఎవరికి తెలుసు? ముందుకి వంగి కాగితం లాగేసుకుంది.

"సాలు అమ్మలూ. మిగతాది ఏటీ లేదు."

"ఉన్నాది." తాతమ్మ తొక్కలు కింద పడేసింది. "ఉన్నాదే తల్లీ, నాను సెప్తాను. మీ నాన్న ఇక్కడే కూకున్నాడు, నాను కూకున్న సోటే. దాహమేస్తంది అమ్మా అన్నాడు. నాను ఇయ్యనేదు. బేగెల్లరా, మగోడివి కావేటి అన్నాను. మీ యమ్మ ఆపినాది. నాను తోలేసినాను."

అరుణశ్రీ నాయనమ్మని చూసింది, తల్లిని చూసింది.

"మరి పోలీసోలికి సెప్పినదానివి, నాకెందుకు సెప్పనేదు అత్తా? ఆయన నా మాటకి తిరిగొచ్చినాడని ఒక్క మాట సెప్తే, నాను..." అంది ఈశ్వరి.

"ఆ పొద్దు ఆల్లు అడిగితే కడుపులో ఉన్నదంతా కక్కీసినాను. ఇంటికొచ్చి ఈ గడప సూడగానే బయమేసినాది. అది నా మీదేసుకుంటే నాను బతకలేనే. నువ్వు సిన్నదానివి, మోసీగలవనుకున్నాను. తప్పే తల్లీ, తప్పు..." అంటూ ఆమె కోడలి కాళ్ల వైపు వంగింది.

ఈశ్వరి వంగనివ్వలేదు. దగ్గరికి తీసుకోవడానికి చేతులు రాలేదు, వదిలెయ్యడానికీ మనసు రాలేదు. భుజం పట్టుకుని అలాగే పక్కన కూలబడింది. పిల్ల మెల్లగా అడిగింది.

"అయితే నాన్న ఎవల వల్ల సచ్చిపోనాడమ్మా?"

సచ్చిపోనాడన్న మాట ఆ ఇంట్లో అదే మొదటిసారి వినబడటం. తాతమ్మ ఉలిక్కిపడింది గాని కాదనలేదు.

"గాలి వల్ల, అమ్మలూ. పిలిస్తే ఎవలూ సచ్చిపోరు. నీల్లు ఇయ్యకపోయినా సచ్చిపోరు. పెద్ద గాలేసినాది, అంతే."

ఆ రాత్రి ఆ ఇంట్లో ముగ్గురూ తినలేదు, ముగ్గురూ పడుకోలేదు.

మర్నాడు పొద్దున్న ఈశ్వరి కాగితాలు సంచీలో పెట్టుకుంది. బాబీ పేరు మరణాల రిజిస్టర్లో రాయించడానికి ఏం చెయ్యాలో హరిబాబుని అడగాలి. అత్తతో ఏమీ అనకుండానే గడప దాటింది. మూడిళ్లు దాటిందో లేదో, వెనక నుంచి కేక వినబడింది.

"ఓలే ఈశ్వరీ!"

వీధి పంపు దగ్గర బిందె పెట్టిన జగ్గమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. తాతమ్మ! గడప దాటిన మనిషిని వెనక నుంచి పిలవడం!

ఈశ్వరి తిరిగి చూసింది. ముసలిది రెండు చేతులా గ్లాసు పట్టుకుని గడపలో నిలబడి ఉంది. నిండా పోసిన నీళ్లు చీర మీద తొణుకుతున్నాయి.

ఈశ్వరి వెనక్కి నడిచింది. బాబీ కూర్చున్న చోట కూర్చుంది. గ్లాసు అందుకుని, ఒక్క చుక్క మిగలకుండా, ఆయన దాహం కూడా తీరేటట్టు తాగింది.

"ఇప్పుడెల్లు తల్లీ," అంది తాతమ్మ. "బేగొచ్చీ."