మిరప మిల్లులో సుడులు

2009, మార్చి. గుంటూరు మిర్చి యార్డులో వేలానికి వచ్చిన రైతులు ఒక వరస మిర్చి టిక్కీ బస్తాలను పక్కకు జరిపేసరికి వాటి వెనక కోటేష్ కనిపించాడు. మెడ విరిగి ఉంది. గోళ్ల కింద ఎండిన రక్తం. యార్డులో అందరికీ అతను మిర్చి దళారీ. అతని అసలు ఉద్యోగం తెలిసినవాళ్లు హైదరాబాదులో ఇద్దరే. ఒకరు గూఢచార విభాగం అధిపతి బాలసరస్వతి. రెండోవాడు ఆవిడ ఎదుట కూర్చున్న ఏజెంట్ ప్రద్యుమ్న.

"కోటేష్‌ను అక్కడికి రమ్మన్నదెవరు మేడమ్?"

"అలేఖ్య."

"మన మనిషేగా?"

"రెండేళ్లుగా మన మనిషే. రెండేళ్లుగా ఒక విదేశీ ముఠాకు కొరియర్ కూడా. అందులో ఏది నాటకమో ఈ వారం దాకా నాకు అనుమానం రాలేదు."

ఆవిడ ఒక ఫొటో ముందుకు తోసింది. గోరంత సిలికాన్ ముక్క, దాని మీద నీలి మెరుపు.

"మన ల్యాబ్‌లో ప్రొఫెసర్ రామచంద్రమూర్తిగారు ఏడేళ్లు కష్టపడి చేసిన థిన్ ఫిల్మ్. కొన్ని అణువుల మందాన లోహపు పూత. అందులో అణువుల అయస్కాంతాలు గిరగిరా సుడులుగా అమరి నిలబడతాయి. సుడి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. రేపటి కంప్యూటర్ల మెమరీ అదేనంటున్నారు. మామూలు గదివేడిలో ఈ సుడుల్ని నిలబెట్టినవాళ్లు ఇంకెవరూ లేరు."

"దారిలో చెదిరిపోవా?"

"ముడి లాంటివి. కుదిపినా ఊడవు. బలమైన అయస్కాంతం దగ్గరికొస్తే మాత్రం దువ్వెనతో దువ్వినట్టు అన్నీ ఒకే వైపుకు తిరిగిపోతాయి. ల్యాబ్‌లో ఒక దొంగ దీన్ని అలేఖ్య చేతికిచ్చాడు. వాణ్ని పట్టుకున్నాం, బయటికి చెప్పలేదు. ఆమె దీన్ని హార్ట్‌మన్‌కు అందించాలి. ఆ ముఠా మనిషి. కారప్పొడి క్వాలిటీ చూసే ఇన్‌స్పెక్టర్ వేషంలో వస్తున్నాడు."

"ఫిల్మ్‌తో సహా అరెస్టు చేస్తే సరిపోదా?"

"చేస్తే ఆ ఫిల్మ్ ఎంత గొప్పదో మనమే చాటింపు వేసినట్టు. ఇంకో పదిమంది వస్తారు. ఫిల్మ్ వెనక్కి రావాలి, వాళ్లకు దాని మీద ఆశ చావాలి. రెండూ జరగాలి." ఆవిడ ఒక చేతి గడియారం తీసి ఇచ్చింది. "దగ్గర్లో బలమైన అయస్కాంతం ఉంటే దీని ఎర్రముల్లు వణుకుతుంది. ఎవరి దగ్గరుందో చూసుకో."

గుంటూరు బ్రాడీపేట నాలుగో లైన్లో ఒక టిఫిన్ హోటల్. ప్రద్యుమ్న మిల్లు మెకానిక్ వేషంలో, గ్రీజు మరకల చొక్కాతో కూర్చున్నాడు. ఆవపువ్వు రంగు చీర, నల్లకళ్లద్దాలు, చేతిలో పెద్ద హ్యాండ్‌బ్యాగు. అలేఖ్య లోపలికి రాగానే చుట్టూ టేబుళ్ల దగ్గర మాటలు సగంలో ఆగాయి. వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"తొడిమ తీసిన తేజ మిర్చి దొరుకుతుందా?" అన్నాడు.

"వానకు తడిసినవే ఉన్నాయండీ."

కోడ్ కలిసింది. మనసు కలవలేదు.

"కోటేష్‌ను ఎందుకు పిలిచారు?"

"సాయంత్రం రమ్మన్నాను. పొద్దున్నే వెళ్లాడు. ఎందుకెళ్లాడో నాకూ తెలీదు." కాఫీ ముట్టుకోలేదు. "రేపు మధ్యాహ్నం సత్తెనపల్లి దగ్గర కారం మిల్లులో అప్పగింత. మిల్లు ఆ పూట ఇన్‌స్పెక్షన్ కోసం ఆపుతున్నారు. మీరు అక్కడే ఉండండి. నేను చెప్పింది చెప్పినట్టు చేయండి."

"మిమ్మల్ని నమ్మాలా?"

"నమ్మకపోయినా చేయండి."

ఆమె బ్యాగు దగ్గరికి లాక్కుంది. గడియారంలో ఎర్రముల్లు గజగజా వణికింది.

అంటే బ్యాగులో అయస్కాంతం ఉంది. ఫిల్మ్‌ను చెరిపేయగల ఆయుధం. ఎవరి కోసం? హార్ట్‌మన్‌ను బెదిరించి ఎక్కువ గుంజడానికా? మనకు దక్కకుండా చేయడానికా?

మర్నాడు మధ్యాహ్నం. మిల్లు లోపల గాలి కూడా ఎర్రగా ఉంది. కాయలు పడే తొట్టి కింద, ఉక్కు రేకు తొడిగిన ఒక పెట్టె. కాయలతో పాటు వచ్చే మేకులు, ఇనపముక్కలు మరలోకి పోకుండా పట్టేసే అయస్కాంతం అది. ప్రద్యుమ్న దాన్ని ఆనుకుని నిలబడి, పానాతో బోల్టు బిగిస్తున్నట్టు నటిస్తున్నాడు. చొక్కా కింద పిస్తోలు ఉంది. గడియారం ముల్లు ఒక మూలకు కొట్టుకుని అక్కడే ఆగిపోయింది.

హార్ట్‌మన్ వచ్చాడు. తెల్లకోటు, చేతిలో ఆ సుడుల్ని చూపించే ప్రత్యేకమైన మైక్రోస్కోపు పెట్టె. వెనకే అతని అంగరక్షకుడు, ఆంబోతు లాంటి మనిషి. మండిపోయే ఎండలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకున్నాడు. చివరగా అలేఖ్య.

అంగరక్షకుడు ఆమె హ్యాండ్‌బ్యాగు లాక్కున్నాడు. ఆమె పిడికిట్లో ఉన్న ఫిల్మ్ డబ్బీని మాత్రం వదిలేసి, బ్యాగు తీసుకెళ్లి గేటు దగ్గర పడేసి వచ్చాడు.

అలేఖ్య ముఖంలో రంగు మారింది. ఒక్క క్షణమే. ఆ క్షణం ప్రద్యుమ్న చూశాడు. బేరం చెడిన మనిషి ముఖం కాదది. చేతిలో ఉన్న ఒక్క ఆయుధమూ పోయిన మనిషి ముఖం.

"ఇక్కడే చూస్తాను," అన్నాడు హార్ట్‌మన్ ఇంగ్లీషులో. "నిజమైనదైతేనే తీసుకెళ్తాను. అదరని చోటు కావాలి."

అలేఖ్య మెకానిక్ వైపు తిరిగింది. "ఏవయ్యా, దొరగారికి అదరని చోటు కావాలంట. ఆ మేకులు పట్టే పెట్టె ఉంది చూడు, దాని మీద పెట్టు." డబ్బీ ఉన్న చెయ్యి చాచింది.

ప్రద్యుమ్న చెయ్యి పిస్తోలు దగ్గరే ఉంది. డబ్బీ అందుకుని ఇద్దరికీ గురిపెడితే ఫిల్మ్ చేతికొస్తుంది, సుడులతో సహా. కానీ అప్పుడు హార్ట్‌మన్‌కు ఫిల్మ్ విలువ తెలిసిపోతుంది. ఆమె మాట వింటే ఏడేళ్ల పని ఇక్కడే చెరిగిపోతుంది. ఆమె కళ్లద్దాలు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కారం వల్లో, కోటేష్ వల్లో అతనికి తెలియలేదు.

"అట్టాగేనమ్మా," అన్నాడు.

పెట్టె మీద దుమ్ము తుడిచి డబ్బీ పెట్టాడు. హార్ట్‌మన్ అందులోని ముక్కను అక్కడే ఉంచి, మైక్రోస్కోపు సర్ది, పక్కన ఉక్కు పట్టకారు పెట్టాడు. పట్టకారు దానంతటదే అంగుళం జరిగింది.

హార్ట్‌మన్ కనుబొమలు ముడిపడ్డాయి. చెయ్యి దాని వైపు వెళ్లింది.

ప్రద్యుమ్న గట్టిగా తుమ్మాడు. తుమ్ముతూ తొట్టి మీద చరిచాడు. రేకుల మధ్య పేరుకున్న కారం పొగలా లేచింది. అందరూ దగ్గు అందుకున్నారు. హార్ట్‌మన్ కళ్లు మూసుకుని రుమాలు వెతుక్కునేలోగా ప్రద్యుమ్న పట్టకారు తీసి అతని చేతిలోనే పెట్టాడు. "సారీ సార్, సారీ."

హార్ట్‌మన్ తిట్టుకుంటూ కళ్లు తుడుచుకుని మైక్రోస్కోపులోకి వంగాడు. చాలాసేపు చూశాడు. ముక్కను తిప్పి చూశాడు. సుడి లేదు, చుక్క లేదు. మామూలు లోహపు పూత.

అంగరక్షకుడి పిస్తోలు అలేఖ్య మెడకు తగిలింది. ఆమె కదలలేదు. ప్రద్యుమ్న పానా పిడికిట్లో బిగించాడు.

"వదిలెయ్," అన్నాడు హార్ట్‌మన్ విసుగ్గా. "ఈమె మోసుకొచ్చింది అంతే. మోసం చేసింది ఆ ల్యాబ్ వాడు. ఆ ప్రొఫెసర్ గొప్పలన్నీ అబద్ధాలే. మావాళ్లకు ముందే చెప్పాను." ముక్కను పనికిరాని తాలుకాయల గుట్టలోకి విసిరి, కళ్లు ఒత్తుకుంటూ కారెక్కాడు.

పిడుగురాళ్ల దగ్గర పోలీసులు కారు ఆపారు. అంగరక్షకుడి చొక్కా చేతులు పైకి మడిస్తే గోళ్ల గాట్లు. కోటేష్ హత్య కేసని చెప్పి అతన్ని దింపేశారు. పోలీసులు కావాలనే వదిలేసిన హార్ట్‌మన్ అతని వైపు తల కూడా తిప్పకుండా వెళ్లిపోయాడు.

మిల్లులో అలేఖ్య, ప్రద్యుమ్న మోకాళ్ల మీద కూర్చుని తాలుకాయలు గుప్పెడు గుప్పెడు ఏరారు. చివరికి ఆమె వేళ్లకే దొరికింది.

"బ్యాగులోని అయస్కాంతంతో పని ఎట్లా ముగిస్తానో కోటేష్‌కు ముందే చెప్పాను," అంది చేతులు దులుపుకుంటూ. "చెరపకుండానే దక్కుతుందేమోనని చివరిదాకా ఆగాను. నన్ను ఒంటరిగా పంపడం అతనికి ఇష్టం లేదు. యార్డులో వాళ్ల మనుషులు ఎంతమంది ఉన్నారో చూసి రావాలని పొద్దున్నే వెళ్లుంటాడు."

ప్రద్యుమ్న నీళ్ల సీసా ఆమె చేతికిచ్చాడు.

ఫోనులో బాలసరస్వతి గొంతు ప్రశాంతంగా ఉంది. "మూర్తిగారితో మాట్లాడాను. చెరిగింది సుడులేనట, పూత బాగానే ఉంటుందట. మూడు వారాల్లో మళ్లీ సుడులు పుట్టిస్తానన్నారు."

ఆ సాయంత్రం గుంటూరులో ఇద్దరూ హోటల్లో భోజనం చేశాక ప్రద్యుమ్న దర్జాగా తన బ్యాంకు కార్డు ఇచ్చాడు. మేనేజరు ఒకసారి గీశాడు, రెండోసారి గీశాడు, లుంగీకి తుడిచి మూడోసారి గీశాడు.

"ఇందులో ఏమీ లేదండీ, అంతా చెరిగిపోయింది."

మధ్యాహ్నమంతా తన పర్సు ఏ పెట్టెకు ఆనుకుని ఉందో గుర్తొచ్చి ప్రద్యుమ్న తల పట్టుకున్నాడు. అలేఖ్య పర్సు తీస్తూ అంది, "మూర్తిగారిని అడగండి, మీ బ్యాంకువాళ్లకంటే ఆయనే త్వరగా చేసిస్తారు."