బొమ్మ మీద అట్ట కాగితం

"నా బొమ్మలకి గంతలు కట్టిందెవరు?"

ఒకటో తరగతి గుమ్మంలో నిలబడి అరిచాను. బడి వదిలిన వేళ, గదిలో టీచర్ ఒక్కతే ఉంది. నా చేతిలో ఆ క్లాసు పుస్తకం ఉంది. ఎనిమిది నెలలు కూర్చుని పిల్లల కోసం నేను బొమ్మలు గీసిన పుస్తకం అది. ప్రతి బొమ్మ మీదా పుస్తకాలకు అట్టలు వేసే గోధుమరంగు కాగితం అంటించి ఉంది. ఎంత శ్రద్ధగా అంటించారంటే పిల్లి తోక కొస కూడా బయటికి కనబడదు.

"నేనే," అంది టీచర్, దిద్దుతున్న పలకలోంచి తల ఎత్తకుండానే. "మీరెవరు?"

"ఆ పిల్లి తాలూకు వాణ్ణి!"

అప్పుడు చూసింది. నా వయసే ఉంటుంది. కళ్ళు పెద్దవి, ఓపిక చిన్నది.

"పిల్లలు చదవట్లేదండీ. మీ బొమ్మ చూసి ఊహించి చెప్పేస్తున్నారు. అందుకే మూశాను."

"కథంటే ఇష్టం పుడితే అక్షరాలు అవే వస్తాయి మేడమ్. మా అక్క కూతురు పిడుగు మీ క్లాసే. ఈ పుస్తకం గడగడా చదివేస్తుంది."

"పిడుగు మీ మేనకోడలా?"

ఆ గొంతులో జాలి వినబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆవరణలో ఆడుకుంటున్న పిడుగుని పిలిచి, నా సంచిలోంచి కొత్త ప్రతి తీసి ఇచ్చాను. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఊపిరి పీల్చకుండా చదివేసింది. నేను కాలర్ ఎగరేశాను. టీచర్ బోర్డు దగ్గరికెళ్ళి, అదే పుస్తకంలోని మొదటి వాక్యం రాసింది. పిల్లి గోడ ఎక్కింది.

"ఇది చదువు తల్లీ."

పిడుగు బోర్డుని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"దీనికి బొమ్మ లేదుగా మామయ్యా. ఎలా చదవాలి?"

ఎగరేసిన కాలర్ దించుకున్నాను.

"ఇరవై రోజుల్లో పరీక్ష," అంది టీచర్. "చదవలేకపోతే దాన్ని ఒకటిలోనే ఉంచేస్తారు. స్నేహితులంతా రెండోదిలోకి వెళ్ళిపోతారు. మీ అక్కగారికి రెండుసార్లు చెప్పాను. 'మా తమ్ముడి పుస్తకం మొత్తం చదివేస్తుందండీ' అని నవ్వి వెళ్ళిపోయారు."

తప్పు నాదేనని తెలిశాక ఆమె మీద నా కోపం రెట్టింపయింది. అది న్యాయం కాదని నాకూ తెలుసు.

"సరే, మీరు బాగా నేర్పిన పిల్లనొకర్ని పిలవండి చూద్దాం!"

రెండు జడల పిల్ల ఒకతి వచ్చి బోర్డు ముందు నిలబడింది. "పకు గుడిస్తే పి... లకు గుడిస్తే లి, ల వత్తిస్తే ల్లి..." ఒక్క తప్పు లేకుండా చివరిదాకా చదివింది.

"భేష్. గోడ ఎందుకెక్కింది అమ్మా?"

"ఏది?" అంది ఆ పిల్ల.

టీచర్ ముక్కు ఎర్రబడింది. "బయటికి నడవండి," అంది నాతో.

"నడుస్తా. రేపొస్తా."

వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. బడి వదిలాక అరగంట పిడుగుకి చదువు, మాకు యుద్ధం. నేను వాక్యం రాసి బొమ్మ గీస్తే ఆమె దాని మీద కాగితం అంటించేది. చదివాకే పీకాలి, అదీ ఒప్పందం. ఎవరూ ఊహించలేని బొమ్మలు గీయడం మొదలుపెట్టాను. చెప్పులు పోగొట్టుకున్న గుర్రం, దగ్గుతున్న తలుపు. కాగితం కింద ఏముందో చూడాలన్న ఆత్రంతో పిడుగు అక్షరాల వెంట పడేది.

"వత్తుల్లేని మాటలు రాయమన్నానా!"

"వత్తుల్లేకుండా నవ్వెలా వస్తుందండీ?"

"మీ నవ్వు కోసం దాని చదువు చెడగొట్టకండి!"

"మీ వత్తుల కోసం దాని నవ్వు చెడగొట్టకండి!"

ఒకరోజు గేటు దగ్గర ఉన్నట్టుండి వాన దంచేసింది. ఆమె గొడుగు విప్పి గబగబా వచ్చి, నా మీద కాదు, నా చేతిలోని బొమ్మల మీద పట్టింది. ఇద్దరం తడిసి ముద్దయ్యాం. "గుర్రం తడిస్తే రేపు పిడుగు ఏడుస్తుంది," అని కసిరింది. ఆ కసురుకి నా గుండె జారిపోయింది. ఈ మనిషి మీద నాకు ప్రేమ పుట్టిందని తెలిసి నా మీద నాకే కోపమొచ్చింది.

పరీక్ష రోజు వచ్చింది. పిల్ల ఎన్నడూ చూడని వాక్యాలు కావాలంది టీచర్. రాసిచ్చే పని నాది. "నేనూ ముందు చూడను. చూస్తే కళ్ళతో అందించేస్తానేమో," అని మడత విప్పకుండానే పిడుగు చేతికిచ్చింది. పక్కన హెడ్మిస్ట్రెస్, మా అక్క కూర్చున్నారు.

పిడుగు వేలు పెట్టి మొదలుపెట్టింది.

"టీచరుకి... కోపమొస్తే... ముక్కు... ఎర్ర... ఎర్రబడుతుంది." కిసుక్కున నవ్వింది. "మామయ్యకి... ఆ కోపం... జ... నకు మ వత్తిస్తే న్మ... జన్మంతా కావాలి!"

చదివేసింది! నిజంగా చదివేసింది. అక్క కళ్ళు తుడుచుకుంది, తర్వాత అర్థమై నోరు తెరిచింది.

వాక్యాల కింద అంటించిన కాగితాన్ని పిడుగు పర్రున పీకింది. "మామయ్యా, బొమ్మే లేదు!"

"టీచర్ ఒప్పుకుంటే గీస్తా," అన్నాను.

"బుద్ధుందా మీకు?" టీచర్ లేచి నిలబడింది. "పసిదాని పరీక్షలోనా? అది మధ్యలో ఆగిపోయుంటే?"

"ఆగదని తెలుసు. నేర్పింది మీరు."

"నా కూతురి పరీక్ష కాగితమే దొరికిందిరా నీకు!" అని అక్క నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ పైన టీచర్ వైపు తిరిగి, "వీడు మొండివాడమ్మా. కానీ మీ దగ్గర్నుంచి వచ్చిన రోజే ఇంట్లో కడుపునిండా తింటున్నాడు," అంది.

టీచర్ ముందు పిడుగు పేరు ఎదుట 'రెండో తరగతి' అని రాసింది. తర్వాత నా జేబులోని పెన్సిల్ లాక్కుని, ఖాళీ చోట కోపంగా ఏదో గీసింది. పిడుగు కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

"బంగాళాదుంపలా టీచర్?"

"కుర్చీలేమో," అంది అక్క.

ముక్కు మరింత ఎర్రగా చేసుకుని, టీచర్ బొమ్మ కింద ఒక వాక్యం రాసి పిడుగు ముందు పెట్టింది.

"ఊహించకు. చదువు."

పిడుగు వేలు కదిలింది. "ఇద్దరం... ఒకే ఇంట్లో... పోట్లాడుకుందాం."

ఆ బొమ్మ చూసి బ్రహ్మదేవుడు కూడా ఆ మాట ఊహించలేడు. చదవాల్సిందే. బొమ్మా అక్షరమా అన్న వాదనలో ఆమే గెలిచిందని అందరి ముందూ ఒప్పుకున్నాను.