రెండూ ఎడమ కాలివే

దుకాణం తలుపులు తీసి కోడలు నేల తుడుస్తోంది. ఇంతలో పోస్టుమాన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఉత్తరాలు లేవు. నిన్న కొనుక్కెళ్ళిన బూట్ల పెట్టె ఉంది.

"అమ్మగారూ, పొద్దున్నే కొత్త బూట్లు తొడుక్కుని బయల్దేరాను. సందు చివరికి వెళ్ళేసరికి రెండు కాళ్ళూ ఒకే పక్కకి లాగుతున్నాయి. వంగి చూసుకుంటే రెండూ ఎడమ కాలివే!"

"ఇక్కడే వేసి చూసుకోలేదా?" అంది గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అత్తగారు.

"చూశానమ్మా. ఒక్క కాలికే చూశాను."

కోడలికి నవ్వు ఆగలేదు. చాలా రోజులకు వచ్చిన నవ్వు. అత్తగారు మాత్రం నవ్వలేదు.

"ఎవరు చేశారీ పని? ఇన్నేళ్ళ దుకాణంలో ఇంత పరువు తక్కువ ఎన్నడూ జరగలేదు."

"ఎవరూ చెయ్యలేదత్తయ్యా. అది అటక మీది సరుకు. జత కలిపి కట్టిన దారం చీకిపోయింది. దించేటప్పుడు విడిపోయి ఉంటాయి."

"దారం మీదకి తోసెయ్యి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు."

కోడలు ఆ మాట పట్టించుకోలేదు. "రెండు ఎడమవి ఇక్కడున్నాయంటే రెండు కుడివి పైనెక్కడో ఉంటాయి. వెతుకుతాను. సాయంత్రం ఒకసారి రండి" అని పోస్టుమాన్‌ని పంపించి నిచ్చెన ఎక్కింది.

అటక మీద తోలు వాసన, దుమ్ము. వెనక గదిలో భర్త కుట్టుమిషను చప్పుడు. పెట్టెలు తీస్తోందే గానీ ఆమె ధ్యాసంతా ఆసుపత్రి మీదే ఉంది. మొన్న డాక్టరమ్మ తెర మీద చూపించింది. అండం, బీజం గాజు గిన్నెలో కలిశాయి. ఒకటి రెండయింది. రెండు నాలుగయ్యాయి. నాలుగు ఎనిమిదయ్యాయి. అక్కడితో ఆగిపోయింది. పోయినసారీ ఇంతే. "అండం నాణ్యత చాలడం లేదు" అంది డాక్టరమ్మ. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఇంట్లో ఎవరూ ఆమె మొహంలోకి సూటిగా చూడటం లేదు.

కింద నుంచి అత్తగారు, సరుకు సంగతి చెప్పినట్టు చెప్పింది.

"సోమవారం మీ చెల్లెలు వస్తోంది."

"ఎందుకు?"

"అండం ఇవ్వడానికి. ఫోన్ చేసి అడిగాను, సరేనంది. వయసులో ఉన్న పిల్ల. ఇద్దరిని కన్నది."

కోడలు చేతిలో పెట్టె అక్కడే పెట్టేసింది. ఒక్కో మెట్టూ దిగి వచ్చింది.

"ఎవర్ని అడిగి మాట్లాడారు?"

"అడిగేదేముంది? ఇంటికి పెద్దదాన్ని."

"ఇంటికి పెద్దవారే. నా ఒంటికి కూడానా?"

అత్తగారికి కోపం వచ్చింది. "ఉద్యోగం ఉద్యోగం అంటూ ఆ బూట్ల ఫ్యాక్టరీలో వయసంతా పారబోసుకున్నావు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? నీ మంచికే కదా నేను పాకులాడేది!"

"పారబోసుకోలేదు. బతికాను. నచ్చినవాడు ఆలస్యంగా కనబడ్డాడు. మీ అబ్బాయి కాస్త ముందుగా ఎదురుపడి ఉండాల్సింది. అదేదో ఆయన్నే అడగండి."

కుట్టుమిషను ఆగింది. భర్త గుమ్మం దాకా వచ్చాడు.

"నీకు తెలుసా?" అంది అతనితో.

అతను తల వంచుకున్నాడు. "అమ్మే నీకు చెబుతుందనుకున్నాను."

"అంటే అందరికీ తెలుసు. ఒళ్ళు నాది కాబట్టి నాకు మాత్రం తెలియలేదు."

కోడలు పోస్టుమాన్ తెచ్చిన పెట్టె విప్పి, రెండు ఎడమ బూట్లూ అత్తగారి ముందు పెట్టింది.

"డాక్టరమ్మ నాకు విడమరిచి చెప్పింది. మీరు బయట కూర్చున్నారు, వినలేదు. ఇప్పుడు వినండి. నేను మా అమ్మ కడుపులో ఉండగానే నా అండాలన్నీ తయారయ్యాయట. ఒక్కోదాంట్లో క్రోమోజోములని, జతలు జతలుగా కట్టిపెట్టి ఉంటాయి, ఈ బూట్లలాగే. అప్పట్నుంచీ కాచుకునే ఉంటాయి. అండం పండే వేళకి జత విడిపోయి ఒకటి ఇటు, ఒకటి అటు వెళ్ళాలి. ఈలోగా దారం చీకిపోతే లెక్క తప్పుతుంది. ఒకటి ఎక్కువో, ఒకటి తక్కువో అవుతుంది. అలాంటిది కూడా కొంతదూరం నడుస్తుంది అత్తయ్యా, పొద్దున పోస్టుమాన్ నడిచినట్టు. సందు చివర ఆగిపోతుంది."

ఆమె రెండు బూట్లనూ అత్తగారి వైపు ఇంకాస్త జరిపింది.

"ఆ దారం నేను కొరికానా? అన్నీ అలాగే ఉండవని కూడా చెప్పింది డాక్టరమ్మ. ఇంకొక్కసారి చూస్తాను, నా వాటితోనే. కుదరకపోతే ఆపేస్తాను. ఆ తర్వాత చెల్లెల్ని అడగాలో, ఎవర్నీ అడగకూడదో నేను చెబుతాను. నన్ను పాత సరుకు లెక్కన చూస్తే మాత్రం ఊరుకోను."

"నేనెప్పుడన్నానే ఆ మాట?"

"నోటితో అనలేదు."

కోడలు మేడ మీదికి వెళ్ళిపోయింది. కాసేపటికి భర్త వెనకే వచ్చాడు.

"నేను చెప్పాల్సింది."

"అవును. నువ్వే చెప్పాల్సింది."

అతనేదో అనబోయాడు. కింద నిచ్చెన కిర్రుమంది. ఇద్దరూ ఉలిక్కిపడి దిగివచ్చారు. మోకాళ్ళ నొప్పుల అత్తగారు అటక మీద ఉంది! తల నిండా బూజు. పెట్టె తర్వాత పెట్టె విప్పుతోంది.

"అమ్మా, దిగు!"

"నిచ్చెన పట్టుకుని నోరు మూసుకో. తల్లీకొడుకులం కలిసి చేసిన ఘనకార్యం చాలు."

మధ్యాహ్నం కోడలు అన్నం తిని వస్తుంటే మెట్ల మీదికి అత్తగారి గొంతు వినబడింది. ఫోన్లో మాట్లాడుతోంది.

"సోమవారం రావద్దమ్మా. అబ్బే, కోపమేం లేదు. నేనే తొందరపడ్డాను. నిన్ను అడగాల్సింది నేను కాదు. అడిగితే మీ అక్క అడుగుతుంది. అడక్కపోయినా అది దాని ఇష్టం."

ఫోన్ పెట్టేసిన చప్పుడయ్యాకే కోడలు మిగతా మెట్లు దిగింది.

సాయంత్రం పోస్టుమాన్ వచ్చాడు. అత్తగారు ఒక ఎడమదీ ఒక కుడిదీ కలిపి, కొత్త దారంతో కట్టి సిద్ధంగా ఉంచింది. అతను ఈసారి రెండు కాళ్ళకీ వేసుకుని, దుకాణంలో అటూ ఇటూ నడిచి చూసుకున్నాడు.

"ఇంతకీ తప్పెవరిది అమ్మగారూ?" అన్నాడు నవ్వుతూ.

"ఎవరిదీ కాదు నాయనా. ఎన్నో ఏళ్ళు జతని పట్టుకుని ఉన్న దారం. దాన్నేం అంటాం?"

కోడలు గబుక్కున అరల వైపు తిరిగింది. సర్దిన పెట్టెల్నే మళ్ళీ సర్దింది. పోస్టుమాన్ వెళ్ళాక అత్తగారు వచ్చి పక్కన నిలబడింది.

"ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు నేనూ లోపలికి రావచ్చా?"

"రండి. మాట్లాడేది మాత్రం నేనే."

"ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదా?"

"కూడదు."

"డాక్టరమ్మ తప్పు చెప్పినా?"

"చెప్పినా సరే."

అత్తగారు మూతి తిప్పింది. తర్వాత కొంగుతో తన తలలో బూజు దులుపుకుంటూ, "మొండిఘటానివే నువ్వు" అంది.

"అవును" అంది కోడలు, కళ్ళు తుడుచుకోకుండానే.